తలుపుకు అడ్డంగా

ఫిబ్రవరి 3

కొత్త ఖైదీ వచ్చింది, నా బ్లాక్‌కే. నెలల బిడ్డను నీళ్ళలో ముంచి చంపిందట. ఆ సంగతి దానికంటే ముందే బ్లాక్‌లోకి వచ్చేసింది. ఎవరు మోసుకొచ్చారో నాకు తెలుసు. పెద్దక్క.

పెద్దక్క నా పై వార్డరు. ఈ ఉద్యోగం నాకు నేర్పింది ఆవిడే. చర్చిలో మా పక్కనే కూర్చుంటుంది. మా పాపకు బాప్తిస్మమప్పుడు ఎత్తుకున్న జ్ఞానతల్లి కూడా.

స్నానాల గదిలో ఖైదీలంతా కలిసి దాన్ని పట్టుకున్నారు. తువ్వాలులో సబ్బు బిళ్ళలు మూటగట్టి కొట్టారు. తల పట్టుకుని బకెట్లో ముంచారు. బిడ్డకు ఎలా ఉండిందో తెలియాలట. పెద్దక్క గోడవైపు తిరిగి నిలబడింది. నన్నూ తిరగమని కళ్ళతోనే చెప్పింది. తిరిగాను. గోడకు పెచ్చులూడిన చోట చెమ్మ ఉంది. వెనక చప్పుడు ఆగేదాకా దాన్నే చూశాను.

ఇంటికొచ్చాక పాపకు మా ఆయన్నే స్నానం చేయించమన్నాను.

ఫిబ్రవరి 6, ఆదివారం

పూజలో ఫాదర్ కారుణ్య కార్యాల గురించి చెప్పారు. ఆకలిగా ఉన్నవాళ్ళకు అన్నం పెట్టడం, బట్ట లేనివాళ్ళకు బట్ట ఇవ్వడం, చెరలో ఉన్నవాళ్ళను పలకరించడం. మా ఆయన మోచేత్తో పొడిచి, అందరూ ఊరికే చేసే పుణ్యం నువ్వు జీతం పుచ్చుకుని చేస్తున్నావే అన్నాడు చెవిలో. ఎప్పుడూ వేసే జోకే. ఈసారి నవ్వు రాలేదు.

పూజ మొదట్లో అందరం పాపాలు ఒప్పుకుంటాం. చేసినవాటికే కాదు, చేయాల్సి ఉండీ చేయనివాటికి కూడా. అక్కడికొచ్చేసరికి నేను పెదవులు మాత్రం కదిపాను. పక్కన పెద్దక్క గట్టిగా, ఒక్క మాట తడబడకుండా చెప్పింది.

ఫిబ్రవరి 8

భోజనాల దగ్గర కొత్తది స్టీలు పళ్ళెం ఎత్తి పెద్దక్క మొహాన కొట్టింది. అంచు తగిలేట్టు. ఆగకుండా. ముక్కు పగిలింది. పళ్ళు ఊడి అన్నంలో పడ్డాయి. దాని గ్లాసులో నీళ్ళు పోస్తూ పెద్దక్క, ఈత వచ్చా అని అడిగిందట. పక్కన కూర్చున్నవాళ్ళు చెప్పారు.

నేనే దాన్ని పడేశాను. వీపు మీద మోకాలు పెట్టి నొక్కాను. కొట్టుకోవడం ఆగిపోయాక కూడా నొక్కాను. గుర్రుమని ఊపిరి పోతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. హాయిగా అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ హాయిగానే అనిపించింది.

ఫిబ్రవరి 9

హాస్పిటల్‌కు వెళ్ళాను. పెద్దక్క మొహం వాచిపోయి కళ్ళు రెండు గీతల్లా మిగిలాయి. మాట ముద్దముద్దగా వస్తోంది. రేపు మధ్యాహ్నం ముగ్గురు వార్డర్లు కొత్తదాని సెల్‌కు వెళతారట. అంతా మాట్లాడేసుకున్నారు. తాళాలు నా దగ్గర ఉంటాయి కాబట్టి నాకు చెప్పడం.

"నువ్వు తలుపు తీసి టీకి వెళ్ళిపో. నిన్ను ఇంకేమీ అడగను."

చంపేస్తారేమో అక్కా అన్నాను. కన్నబిడ్డను చంపినదాని కోసం నువ్వు బెంగ పెట్టుకోకు అంది. నా చెయ్యి పట్టుకుని, పాప జలుబు తగ్గిందా అని అడిగింది.

జపమాల మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపేశాను.

ఫిబ్రవరి 10, ఉదయం

సెలవు పెడదామనుకున్నాను. పెడితే తాళాలు ఇంకొకరి చేతికి వెళతాయి, అంతే. డ్యూటీకి వెళుతున్నాను.

ఫిబ్రవరి 14

ఎడమ చేత్తో రాస్తున్నాను. అన్నీ కోడిగీతలే.

ఆరోజు నేను తాళం తీయలేదు. వాళ్ళే గుత్తి లాక్కుని తీశారు. నేను ముందుగా జొరబడి తలుపుకు అడ్డంగా నిలబడి ఊచలు పట్టుకున్నాను. ఆ ముగ్గురిలో, రోజూ నాతో టిఫిన్ డబ్బా పంచుకునే పొట్టిదే మొదట బతిమాలింది. నీకు చంటిపిల్ల ఉంది, తప్పుకో వదినా అంది. ఏదైనా పెద్ద మాట అనాలనిపించింది, బైబిల్లోది. ఒక్కటీ నోటికి రాలేదు.

"మళ్ళీ గోడవైపు తిరగడం నా వల్ల కాదు" అన్నాను.

మొదటి లాఠీ దెబ్బ మణికట్టు మీద పడింది. తరవాతది భుజం మీద. ఎముక విరిగిన చప్పుడు ముందు వినబడింది, నొప్పి తరవాత తెలిసింది. అప్పుడే వెనకనుంచి కొత్తది నా జుట్టు దొరకబుచ్చుకుంది. దాని లెక్కలో నేనూ కొట్టడానికి వచ్చినదాన్నే. నా తలను ఊచలకేసి బాదింది. ముందు వీళ్ళు, వెనక అది. కింద పడ్డాను. వాళ్ళు నన్ను తొక్కుకుంటూ లోపలికి వెళ్ళారు. దాని మొహం మీద కొట్టడం మొదలుపెట్టారు. దాని కాలు నా చేతికి అందింది. పట్టి లాగాను. అది పడగానే మీద పడి కప్పేశాను. ఆ తరవాత ఏ దెబ్బ ఎవరికి తగిలిందో తెలియదు. మందులివ్వడానికి వచ్చిన డాక్టరమ్మ కేకలు పెడితే ఆగారట.

నాకు భుజం, మణికట్టు, పక్కటెముకలు. దానికి దవడ, ఒక కన్ను. బతికింది.

వార్డులో ఇంకెక్కడా ఖాళీ లేదని నన్ను పెద్దక్క పక్క మంచం మీద వేశారు. ఆవిడ అటు తిరిగి పడుకుంది.

ఫిబ్రవరి 16

సూపరింటెండెంట్ వచ్చారు. ఖైదీయే కొట్టిందని నేను చెబితే అందరూ బయటపడతారన్నారు. నాకు మెడల్ కూడా రావచ్చట. మా ఆయన కూడా అదే అన్నాడు, నా కాళ్ళు ఒత్తుతూ, నెమ్మదిగా.

జరిగింది జరిగినట్టు చెప్పాను. పక్క మంచం మీద పెద్దక్క దుప్పటి తలమీదికి లాక్కుంది.

ఫిబ్రవరి 18

ముగ్గురినీ సస్పెండ్ చేశారు. నన్ను కూడా. విచారణకు వచ్చినవాళ్ళు అడిగితే, దవడకు కట్టుతో ఉన్న ఆమె నన్నూ చూపించిందట. వీపు మీద మోకాలు పెట్టి ఊపిరాడకుండా చేసింది నేనేనని సైగలతో చెప్పిందట. అడ్డం పడ్డ సంగతి ఊసే లేదు. మా ఆయనకు ఒళ్ళు మండిపోయింది. ఎవరికోసం ఎముకలు విరగ్గొట్టుకున్నావో చూశావా అన్నాడు.

ఆమె చెప్పింది అబద్ధం కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. పొట్టిదాని మొగుడు వచ్చి మా కిటికీ అద్దం రాయిపెట్టి పగలగొట్టాడట. ముక్కలు పాప పక్క మీద పడ్డాయి. పాప వంటింట్లో ఉండబట్టి సరిపోయింది. వాడి పీక నులమాలనిపించింది, ఈ ఒక్క చేత్తోనే. శత్రువును క్షమించడం గురించి పోయిన ఏడాది చర్చిలో జ్ఞానోపదేశం క్లాసులో పిల్లలకు నేనే పాఠం చెప్పాను.

ఫిబ్రవరి 20, ఆదివారం

ఫాదర్ వార్డుకు వచ్చారు. మా ఇద్దరి మంచాల మధ్య నిలబడి ప్రార్థన చెప్పారు. సత్ప్రసాదపు అప్పం ఇచ్చేముందు, పూజలో చేసినట్టే, చేతులు కలిపి ఒకరికొకరు శాంతి సమాధానం చెప్పుకోమన్నారు. నేను ఎడమ చెయ్యి చాపాను. చాలాసేపు గాల్లోనే ఉంది. చివరికి పెద్దక్క పట్టుకుంది. నొక్కింది. గోళ్ళు దిగాయి. వేళ్ళు విరుగుతాయేమో అన్నంతగా నొక్కింది. ఫాదర్ కళ్ళు మూసుకుని ఉన్నారు.

నేను చెయ్యి లాక్కోలేదు. ఆవిడా వదల్లేదు.