సరిచేసిన ఫోటో

అక్కకు,

నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది, నోరు మాత్రం తగ్గలేదు. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగిపోయాను. బావ పోయి మూడు నెలలైనా నిండలేదు, ఆ మాట ఏ మొహం పెట్టుకుని రాయను?

నువ్వడిగినవాటికి జవాబులు. కళ్లజోళ్ల షాపుకి రోజూ వెళుతున్నాను. అద్దాలు అరగదీస్తున్నంతసేపూ మనసు కాస్త కుదురుగా ఉంటుంది. వేళకి తింటున్నాను. ఇక మా పడవల గుంపు సంగతి. రేవులో లాంచీల ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టుకుని మురిసిపోయే మమ్మల్ని పదేళ్లుగా పనీపాటా లేని మూక అని వెక్కిరించావు. ఇప్పుడేమో "మీ గుంపు చల్లగా ఉండాలి, లాంచీ నడిపిన ఆ సరంగు గుట్టు బయటపెట్టారు, వాడు పురుగులు పడి పోవాలి" అని రాశావు. అది చదివిన దగ్గర్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ఫోన్‌లో నీ గొంతు వింటే నోరు పెగలదు. అందుకే ఉత్తరం.

లాంచీ మునిగి బావతో కలిపి నూట పద్దెనిమిది మంది పోతే దేశమంతా ఏడ్చింది. పోలీసులు తేల్చేసరికి ఏళ్లు పడుతుంది, ఫోటోలు మన దగ్గరున్నాయి, మనమే తేలుద్దాం అన్నారు మా గుంపులోని లెక్కల మాస్టారు. రిటైరయ్యాక ఆయనకి లాంచీలే లోకం. నాకూ కాదనాలనిపించలేదు, నీకు న్యాయం జరిగితే చాలనుకున్నాను. లాంచీ రేవు వదులుతున్నప్పుడు నేను తీసిన ఫోటో మీద ఆయన స్కేలు పెట్టి కొలిచారు. లాంచీ నిటారుగా ఉంది. బయల్దేరకముందే ఒక పక్కకి ఒరిగింది, వద్దు మొర్రో అన్నా యజమాని వినలేదు అని సరంగు చెప్పేదంతా అబద్ధమని మూడు రోజుల్లో తేల్చిపారేశాం. పేపర్లు అచ్చేశాయి. అతను జైల్లో ఉన్నాడు. అతని భార్యని, ఆమె పనిచేసే బడివాళ్లు ఇక రావద్దన్నారట.

అక్కా, ఆ ఫోటో నేను దిద్దింది.

మా గుంపులో అదొక పద్ధతి. ఫోటో వంకరగా పెడితే తాగి తీశావా అని ఆట పట్టిస్తారు. అందుకని ప్రతిదాన్నీ లాంచీ డెక్కు సమంగా ఉండేలా కాస్త తిప్పి పెడతాం. ఆ రోజూ, ఘోరం ఇంకా తెలియకముందే, అలవాటుగా తిప్పాను. తిప్పేసరికి రేవు స్తంభం వంగినట్టు కనిపించింది. ఆ అంచు కత్తిరించేశాను. తర్వాత ఆ ఏడుపుల్లో అది నాకు గుర్తే లేదు. బావ ఫోటోలేమైనా ఉంటే పంపమన్నావు కదా, వాటికోసం కెమెరా వెతికితే అసలుది బయటపడింది. స్తంభం నిలువుగా ఉంది. లాంచీ ఎడమకి ఒరిగి ఉంది. సరంగు చెప్పింది అక్షరాలా నిజం.

మాస్టారికి చూపించాను. మళ్లీ స్కేలు పెట్టి కొలిచారు. "ఇది బయటికొస్తే మన మాట ఇంకెవరూ నమ్మరమ్మా" అన్నారు.

"నమ్మకపోతేనే మంచిది మాస్టారూ. చూసింది చూసినట్టు ఇచ్చి ఊరుకోవాల్సింది. తీర్పు చెప్పమని మనల్నెవరు అడిగారు?" అన్నాను. నిన్న కెమెరా తీసుకెళ్లి విచారణాధికారి చేతిలో పెట్టాను.

ఇంకొకటుంది. ఎలా రాయాలో తెలియక ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను. నేను కత్తిరించిన అంచులో బావ ఉన్నారు. లాంచీ రెయిలింగు దగ్గర నిలబడి నాకేసి చెయ్యి ఊపుతున్నారనుకున్నాను ఆ రోజు. నేనూ నవ్వుతూ ఊపాను. ఇప్పుడు పెద్దది చేసి చూశాను. ఊపడం లేదక్కా. నీళ్లవైపు వేలు చూపిస్తూ అరుస్తున్నారు.

నేను దిద్దిన ఫోటో ఒకటి ఇప్పటికే బయట తిరుగుతోంది కాబట్టి ఆ అధికారి దగ్గర నా మాట చెల్లదట. ఈ ఫోటో ఆ రోజుదేనని వేరే ఎవరైనా చెప్పాలట. బావ ఒంటిమీద ఉన్నది ఆ చొక్కాయే. ఒడ్డున నువ్వు ఆయన్ని గుర్తుపట్టిన చొక్కా. ఆ మాట నువ్వొక్కదానివే చెప్పగలవు.

నన్ను తిట్టు, కొట్టు, జన్మలో మాట్లాడకు, పడతాను. కానీ నువ్వు రావాలి. బావ ఆ రోజు ఏమని అరిచారో నాకు వినపడలేదు. ఆయన బదులు నువ్వొచ్చి చెప్పక్కా.

ఇట్లు,
నువ్వు కాదన్నా నీ చెల్లెలే