చిన్న గేటు గడియ

చిట్టితల్లికి,

నాన్న దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం అలవాటు. ఈసారి అది రాయడానికి చెయ్యి రావడం లేదు.

గొడవల భయంతో మీ కాపలావాళ్లందరినీ టవర్‌లోనే ఉంచి ఫోన్లు లాగేసుకున్నారన్నావు కదా. అందుకే ఇస్త్రీ అతను నీ యూనిఫాం మడతలో పెట్టి ఈ ఉత్తరం తెస్తాడు. మాత్రలు వేసుకుంటున్నానా అని అడిగావు. వేసుకుంటున్నాను. మింగడానికి నీళ్లే కొనుక్కోవాలి. మన సందులో కుళాయి ఎండిపోయింది. మీ టవర్‌లో ఈతకొలను మాత్రం నిండుగా ఉందట. అక్కడ వంటచేసే మన పక్కింటావిడ చెప్పింది.

"సందువాళ్లకి నా మీద కోపమా నాన్నా?" అని రాశావు. నిన్న ఆవిడే అందరి ముందూ నన్ను నిలదీసింది. "ఏం ప్రూఫుల తాతా, మీ అమ్మాయి రోజూ గేటు దగ్గర మా సంచులు, జాకెట్లు తడుముతోంది. వజ్రాలేమైనా దొరికాయేమో కాస్త కనుక్కో!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వులు వింటుంటే భయం వేసింది.

ఆ టవర్ ఎక్కడ లేచిందో నీకు తెలుసు. నేను బతుకంతా ప్రూఫులు దిద్దిన ప్రెస్సు స్థలంలో. దాన్ని కూల్చి మమ్మల్ని వీధిన పడేసిన యజమాని ఇప్పుడు పై అంతస్తులో ఉంటున్నాడు. నేను చరిత్ర పుస్తకాలు చాలా చదివాను. ఇలాంటి గోడలు ఎలా పడ్డాయో సందులో కుర్రాళ్లకి రోజూ చెప్పేవాణ్ణి. పడేటప్పుడు కింద ఎవరుంటారో మాత్రం చెప్పలేదు.

ఇక దాచలేను తల్లీ. పొద్దున డ్యూటీలు మారేటప్పుడు చిన్న గేటు గడియ వెయ్యరని నువ్వోసారి మాటల్లో అన్నావు. అది మన సందు కుర్రాళ్లకి చెప్పింది నేనే. ఆ యజమాని మీద కక్షతో చెప్పాను. అప్పుడు నీది మధ్యాహ్నం డ్యూటీ. పొద్దుటికి మార్చారని, నీ చేతికీ తుపాకీ ఇచ్చారని నీ ఉత్తరంలో చదివాకే నేనేం చేశానో తెలిసొచ్చింది. వాళ్లు ఆ గేటులోంచి వచ్చేది రేపు పొద్దున్నే. లోపలికెళ్లి ఊరికే కూర్చుంటామన్నవాళ్లు ఇవాళ రాళ్లు పోగేస్తున్నారు.

వద్దని బతిమాలాను. "దారి చూపించిందే నువ్వు. ఇప్పుడు కూతురు గుర్తొచ్చిందా?" అంది పక్కింటావిడ. ఆవిడ కొడుకూ వాళ్లలో ఉన్నాడు. ఆ మాట అంటూ ఆవిడా వాడి వైపే చూసింది.

జ్వరమని చెప్పి పడుకో. ఉద్యోగం పోతే పోనీ. గడియ సంగతి మీ పైవాళ్లకి చెప్పకు. చెప్తే తుపాకులు కాచుకుని ఉంటాయి, ఈ పిల్లలు మిగలరు.

నేను అందరికంటే ముందు వచ్చి ఆ గేటుకి అడ్డంగా కూర్చుంటాను. ముసలివాణ్ణి తొక్కుకుంటూ పోవడానికి కాస్త వెనకాడతారని ఆశ. ఏం జరిగినా సరే, నన్ను లేపడానికి మాత్రం నువ్వు రావద్దు.

ఇట్లు,
నిన్నే తలుచుకుని వణుకుతున్న
మీ నాన్న