పదిహేడో నంబరు సీసా

ప్రియమైన అన్నయ్యకు,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నా ఒళ్లు కులాసాగానే ఉంది, మనసు సంగతి కాస్త ఆగి చెబుతాను. నువ్వూ, వదినా, పాపా క్షేమమని తలుస్తాను.

దగ్గు తగ్గింది. వేడినీళ్లు పుక్కిలించమన్న వదిన మాటే మందయింది.

"బస్సు నడిపేవాణ్ని, నాకు తెలిసిన పటాలన్నీ ఊళ్లవే. నీ పటంలో ఏముంటుందే?" అని అడిగావు. మా సీసాల్లోని బ్యాక్టీరియా వెలుతురు మీద బతుకుతుంది, గాలిలోని నత్రజనిని పట్టి తిండిగా మార్చుకుంటుంది. ఆ పని చేయించే జన్యువులకు నంబర్లేసి, ఒక్కొక్కదాన్నే చెడగొట్టి, ఏది దేని పక్కన ఉందో తేల్చి గీసేదే మా పటం. జన్యువు బాగుంటే సీసా ఎర్రబడుతుంది, చెడితే తేటనీళ్లలా మిగిలిపోతుంది. పొద్దున్నే వెళ్లి చూసేటప్పుడు పరీక్ష ఫలితాల ముందు నిలబడ్డట్టే ఉంటుంది.

పటం అచ్చయ్యాక అద్దం కట్టిస్తానన్నావు. కట్టించకు అన్నయ్యా.

పదిహేడో జన్యువు మిగతా గుంపుకి ఎంతో దూరంగా ఉందని తేల్చింది నేనే. ప్రొఫెసరుగారు పొంగిపోయారు. నా పక్క బల్ల దగ్గర పనిచేసే పెద్దాయన మాత్రం, "అది గుంపులోనే ఉందమ్మా, మూడుసార్లు చూశాను" అన్నారు. "మీ చేతిపనే శుభ్రంగా లేదు" అని ప్రొఫెసరుగారు ఆయన్ని అందరిముందూ కసిరి, నెలాఖరుకి ఉద్యోగం మానుకోమన్నారు.

ఆ వారమే నా పాత సీసా కంటపడింది. దాని మీద నేను హడావిడిగా రాసింది పదకొండు. రెండో ఒకటి తల వంగి ఏడులా కనిపిస్తోంది. పదిహేడనుకుని వాడింది నేనే! పదకొండోది దూరంగా ఉంటుందని అందరికీ ముందే తెలుసు.

పది రోజులు నోరు మెదపలేదు. కాలు ఒకచోట నిలవదు, కడిగిన సీసాలే మళ్లీ కడుగుతాను, ఎవరు పిలిచినా ఉలిక్కిపడతాను. చివరికి మొన్న మధ్యాహ్నం ప్రొఫెసరుగారి గదిలోకి వెళ్లి చెప్పేశాను. ఆయన "అచ్చు ఆపించు" అన్నారు. అంతే.

అట్నుంచటే పెద్దాయన ఇంటికి వెళ్లాను. పుస్తకాలు పెట్టెలకెత్తుతున్నారు. జరిగింది చెప్పాను.

"తెలుసమ్మా. ఆ సీసా నేనూ చూశాను."

"మరి ఎందుకు చెప్పలేదండీ?"

"నేను చెబితే నీ పని పోతుంది. నువ్వే చెబితే పోదు. అందుకే రోజూ నీ మొహం చూస్తూ కూర్చున్నాను."

ఉండమని ప్రొఫెసరుగారు కబురు పంపినా ఆయన రానన్నారు. వేరేచోట పాఠాలు చెప్పడానికి మాటిచ్చేశారట. ఆయన అన్నట్టే నా పని నాకుంది. ప్రొఫెసరుగారు ఆయన బల్ల కూడా నన్నే వాడుకోమంటున్నారు. సీసాలు తీసుకెళ్లి దాని మీద పెట్టడానికి చేతులు రావడం లేదన్నయ్యా.

తిట్టినా సరే, నాలుగు ముక్కలు రాయి.

ఇట్లు,
తప్పు ఒప్పుకున్నా కుదుట పడని
నీ చెల్లెలు