చెక్కపొడి పుస్తకాలు

లడఖ్ కొండల్లో బండి తోలుతున్న గఫార్ గారికి ఉదయగిరి కొండ కింద నుంచి ముబషిరా సలాం. అల్లా దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాళ్లు మాత్రం ఆమె మాట వినడం లేదు, ఆమె మన మాట విననట్టే. మన బిడ్డ హఫ్సా రోజూ బడికి పోతోంది. మన సిమ్ము అక్కడ పనిచెయ్యదని మీరేం బాధపడకండి. ఫోన్లో అయితే "తిన్నావా" దగ్గరే ఆగిపోతారు. కాగితం మీదే మీకు నోరు పెగులుతుంది.

"ఆ లైబ్రరీని ఇంకా పట్టుకోని యాలాడతానే ఉండావా?" అని అడిగారు పోయిన ఉత్తరంలో. వేలాడుతూనే ఉన్నాను. తుఫాను వానలు మొదలయ్యేలోపు కప్పు వెయ్యకపోతే ఆ గది వెనక్కి తీసుకుని కర్రలు వేసుకుంటామని మన చెక్క గరిటెల సొసైటీ వాళ్లు తెగేసి చెప్పేశారు. వాళ్లనీ అనడానికి లేదు. చినుకు పడితే పుస్తకాల మీద గోనెసంచులు కప్పుతున్నాం.

మీరు పోయినప్పటి నుంచి గ్రాంటుల కోసం ఫోన్లో నేను వెతకని చోటు లేదు. ఒకరు సర్కారు లైబ్రరీలకే ఇస్తామన్నారు. ఇంకొకరు అడగాలంటే మన గదిలో పట్టనన్ని పుస్తకాలు ముందే ఉండాలంట. అన్ని ఉంటే వాళ్లనెందుకు అడుగుతాం, మీరే చెప్పండి! విసుగొచ్చి ఆత్మకూరు బస్సెక్కి, రిటైరైన హెడ్‌మాస్టర్ రాజమోహన్ గారింటికి పోయాను. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, "అడిగేవాళ్లు లేక మిగిలిపోయేవి ఎన్ని ఉండాయో తెలుసునా అమ్మా? మనకి అడగడం చేతకాదు, అంతే" అన్నారు.

ఆయనే వెతికి వెతికి బెంగళూరులో ఒక ట్రస్టును పట్టుకున్నారు. ఎవరో ఒక ముసలామె, ముందూ వెనకా ఎవరూ లేనామె, పోయేముందు తన ఇల్లంతా పల్లెటూళ్ల పుస్తకాల గదులకని రాసిచ్చి పోయిందంట. అది వింటుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఉదయగిరి అనే ఊరుందని కూడా ఆమెకు తెలిసి ఉండదు. ఆమె ఇల్లు మన గదికి కప్పు కావాలని ఎక్కడ రాసిపెట్టి ఉందో! అర్జీ మాస్టారే పంపారు.

చూసి పోవడానికి మనిషిని పంపిస్తామని ట్రస్టు వాళ్లన్నారు. ఇంక మా కంగారు చూడాలి. ఇక్కడ చదువుకోవడం ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. అందరూ షెడ్డులో ఆకురాళ్లతో గరిటెలు అరగదీస్తుంటే నేను మధ్యలో కూర్చుని పైకి చదువుతాను. పనిలో చేతులు ఖాళీ ఉండవు కదా. ఇది వాళ్లకు చదువు కింద లెక్కకు రాదేమోనని భయం పట్టుకుంది. అందుకని ఆ రోజు షెడ్డుకు తాళం వేసి, పుస్తకాలన్నీ పైపైన తుడిచి అల్మరాలో పెట్టాం. మంచి చీరలు కట్టుకుని, తలా ఒక పుస్తకం తెరిచి గదిలో కూర్చున్నాం. అక్షరం రాని మీ అమ్మ లెక్కల పుస్తకం ముందేసుకుని తలూపుతూ కూర్చుంది.

వచ్చినావిడ పేరు సుకుమారి గారు. మమ్మల్ని కాసేపు చూసి, అల్మరాలోంచి ఒక్కో పుస్తకం తీసి తెరిచారు. దేన్ని తెరిచినా పేజీల సందుల్లోంచి సన్నటి పొడి ఆమె చీర మీద రాలింది. "చెదలు పట్టినట్టున్నాయే. వీటిని ఎవరూ ముట్టుకోరా?" అని పెన్ను తీశారు. గది పోయినట్టేననుకున్నాను.

మీ అమ్మ ఊరుకుంటుందా? దిగ్గున లేచింది.

"చెదలేంది తల్లీ! అది మా గరిటెల పొడి. మేం అరగదీస్తా ఉంటాం, మా కోడలు చదవతా ఉంటాది. మాకు చదవను రాదు, వినను వచ్చు!"

సుకుమారి గారు చీర మీది పొడిని వేలితో అద్దుకుని చూశారు. "అయితే నేనూ వింటాను" అన్నారు. షెడ్డు తాళం తీశాం. ఆకురాళ్లు మొదట జోరుగా మోగాయి. నేను చదివేకొద్దీ మెల్లబడి, ఒక్కొక్కటే ఆగిపోయాయి. అంతమంది చేతులు ఊరికే ఉండటం ఈ షెడ్డులో నేనెప్పుడూ చూడలేదు. సుకుమారి గారు పెన్నుకు మూతపెట్టి, ఆ పొడిలోనే చతికిలబడి విన్నారు.

ఇప్పుడు అసలు మాట. కోప్పడకండి. ఆ రోజు చదివింది పుస్తకం కాదు. మన పుస్తకాలన్నీ రెండేసిసార్లు అయిపోయాయి. "నా కొడుకు రాసింది చదవవే" అని మీ అమ్మే మొదలుపెట్టింది. అప్పటి నుంచి మీ ఉత్తరాలే చదువుతున్నాను. నాకు రాసిన మాటలు దాటేశాను లెండి, మరీ అంత సిగ్గులేనిదాన్ని కాను. ఒక్క చెట్టు కూడా లేని కొండలని మీరు రాసింది చదివితే మీ అమ్మ, "చెట్టే లేకపోతే ఆ ఊరోళ్లు గరిటెలు దేంతో చేసుకుంటారంట?" అనింది. ఎవరూ నవ్వలేదు. అట్లాంటి లోకం కూడా ఉందా అని అందరం ఆ పూటంతా అదే తలుచుకున్నాం.

సుకుమారి గారి ముందు చదివింది మీ ఆఖరి ఉత్తరం. కనుమ మీద మంచుకు దారి మూసుకుపోతే బండిలో కూర్చుని రాశారే, అది. "ఇంజను ఆపితే నా గుండె చప్పుడు నాకే వినపడతా ఉండాది. ఇంత తెలుపు చేసినోడు ఎంత పెద్దోడో!" అన్న చోట ఆకురాళ్లు ఆగిపోయాయి. "దారి తీస్తే దాటతాను" అని అక్కడితో ఆపేసి, వెనక్కి మళ్లిన బండి వాళ్ల చేతికిచ్చి పంపారు మీరు.

నిన్న ట్రస్టు నుంచి జవాబు వచ్చింది. వానలకు ముందే కప్పు వేయిస్తారంట, కొత్త పుస్తకాలూ పంపుతారంట. అందరూ ఎగిరి గంతేశారు. జవాబు అడుగున సుకుమారి గారు సొంతంగా ఒక మాట రాశారు: "ఆ డ్రైవర్ గారు కనుమ దాటారా?" అది చదివి వినిపించగానే షెడ్డంతా నా మొహం చూసింది. దాటే ఉంటారని గట్టిగా చెప్పాను. మీ అమ్మ పోయి నమాజు చాప మీద కూర్చుంది.

దాటానని షెడ్డు కోసం వెంటనే రాయండి. ఎంత పొడుగు రాసినా వింటారు. నాకు మాత్రం వేరే కాగితం మడిచి పెట్టండి. అది నేను తలుపేసుకుని చదువుకుంటాను.

ఇట్లు,
మీ జాడ కోసం కాచుకున్న మీ ఇంటి మనిషి,
ముబషిరా