ఫారం గేటు మూసిన రోజులు

శ్రీవారికి,

భయపడకండి. నేను బాగానే ఉన్నాను, కోళ్ళూ బాగానే ఉన్నాయి. మీరు కళ్ళజోళ్ళ షాపు కట్టేసి ఇంటికొచ్చేసరికి నేను లేకపోవడం, గుమాస్తా వచ్చి "అమ్మగారు కొన్నాళ్ళు రారు" అనడం మీకెలా ఉండుంటుందో ఊహించగలను.

పక్క ఫారం మీసాలాయన కోళ్ళకి రోగం తగిలింది. అన్నిటినీ చంపి పూడ్చేశారు. మనుషుల బూట్లకీ బట్టలకీ అంటుకుని వచ్చేస్తుందట. అందుకే మన గేటు మూయించాను. పనివాళ్ళని "మన కోళ్ళ పరీక్షల ఫలితం వచ్చేదాకా లోపలే ఉండండి" అని బతిమాలి, నేను మాత్రం ఇంటికొచ్చి పరుపు మీద పడుకుంటే ఏం బాగుంటుంది? నేనూ ఉండిపోయాను. ఫోనున్న ఆఫీసేమో కంచె బయట, ఊళ్ళో ఉండిపోయింది. ఇక ఉత్తరాలే గతి.

బాబాయి గేటు దగ్గరికొచ్చి ఒకటే గొడవ. "ఫలితం రాకముందే అన్నీ అమ్మేసెయ్. వచ్చాక ఎవడూ కొనడు" అంటాడు. రోగమే ఉంటే ఊరూరికీ పంచిపెట్టినట్టు కాదా? తాతయ్య మొదలుపెట్టి, మూడు తరాలు ఏరి ఏరి పెంచిన జాతి ఇది. పోతే మళ్ళీ రాదు. అయినా అమ్మను.

నాన్న ఇంకా రాలేదు. ఆయన కంచె అవతల నిలబడి ఒక్కసారి "సరే" అంటే నాకు కొండంత బలం. ఓసారి రమ్మనండి.

బుజ్జిదానికి జడ గట్టిగా వేయకండి, ఏడుస్తుంది.

ఉంటాను,
మీ ఇంటిది

---

ఫారం దొరసానికి,

ఉత్తరం అందింది. మందు పొగ పట్టించి పంపుతున్నారు కాబోలు, రెండో వాక్యానికే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బుజ్జిది చూసి "నాన్న అమ్మ కోసం ఏడుస్తున్నాడు" అని వీధంతా చాటింది. నేను కాదనలేదు. నేనేసిన జడ తాడులా ఉందట, పక్కింటావిడ దగ్గరికి పోతోంది.

మామయ్యగారి కోసం వెళ్ళాను. లేరు. "బయటికెళ్ళారు బాబూ" అన్నారు అత్తయ్యగారు. ఎక్కడికంటే వినపడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయారు. మర్నాడూ అంతే. ఆయన బట్టల సంచీ లేదు, గుమ్మం పక్కనుండే రబ్బరు బూట్లూ లేవు. నీ దగ్గర దాచలేను కాబట్టి చెప్తున్నా. ఆయన వెళ్ళిపోయే ముందు బాబాయిగారు వచ్చి చాలాసేపు మాట్లాడారని పనమ్మాయి చెప్పింది. గొంతులు కూడా లేచాయట.

నువ్వు దీనికి అర్థాలు తీయకు. వేళకి తిను.

నీ కోసం చూస్తూ,
నీ కళ్ళజోళ్ళాయన

---

శ్రీవారికి,

అర్థాలు తీయొద్దన్నారు. అర్థం తనే గేటు దాకా వచ్చింది.

ఇవాళ పొద్దున రెండు ఖాళీ లారీలొచ్చి ఆగాయి. "కోళ్ళు ఎక్కించుకోవడానికొచ్చాం. పెద్దాయన పంపారు" అన్నాడు డ్రైవరు. పెద్దాయనంటే నాన్నే కదా. షెడ్డు మేస్త్రీ నా మొహం చూసి తనే ముందుకెళ్ళాడు. "ఇక్కడ మా అమ్మగారి మాటే" అని గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. లారీలు తిరిగిపోయాయి.

తర్వాత మూడో షెడ్డులోకి వెళ్తే కోళ్ళు తలలు వాల్చేసున్నాయి. రోజుకి ఒకటో రెండో పోవడం మామూలే. ఇవాళ గంపెడు పోయాయి. డాక్టరు వచ్చి నమూనాలు పట్టుకెళ్ళాడు.

నాన్న ఫారం నాకప్పగించి కుర్చీ దిగిన రోజు మీకు గుర్తుందా? "ఆడపిల్ల చేతిలో పెడతావా?" అన్నాడు బాబాయి. "కోడికి ఒంట్లో బాగాలేదని కోడికంటే ముందు దీనికే తెలుస్తుంది" అన్నారు నాన్న అందరి ముందూ. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను.

రోగం ఉందని తేలితే అన్నిటినీ దగ్గరుండి పూడ్పిస్తాను. మనసు గట్టి చేసుకున్నాను. నాన్న నన్ను నమ్మలేదన్నదే మింగుడుపడటం లేదు. అదే నిజమైతే ఈ కుర్చీ బాబాయికే ఇచ్చేస్తాను.

బుజ్జిదానికి ఇవేమీ చెప్పకండి.

మీ
ఇంటిది

---

దొరసానీ,

రోగం లేదు. ఎక్కడా లేదు. గుమాస్తా ఈపాటికి కంచె దగ్గర అరిచి చెప్పే ఉంటాడు, అయినా నా చేత్తో రాయాలనిపించింది. మూడో షెడ్డులో నీళ్ళ పైపు మూసుకుపోయిందట. దాహానికీ ఎండకీ పోయాయి, అంతే.

ఇక రెండో సంగతి. కూర్చుని చదువు.

ఫలితం కోసం నేను మన ఫారం ఆఫీసులో ఉండగానే ఫోను మోగింది. మామయ్యగారు. ఎక్కడున్నారో తెలుసా? మీసాలాయన ఫారంలో. ఎదురుపడితే మొహం తిప్పుకునే ఆ ఇద్దరూ ఇన్నాళ్ళూ ఒకే గదిలో ఉన్నారు. కోళ్ళని పూడ్చాక పనివాళ్ళంతా వెళ్ళిపోయారట. మీసాలాయన తిండి మానేసి ఖాళీ షెడ్డులో కూర్చున్నాడని తెలిసి మామయ్యగారు వెళ్ళారు. ఇద్దరూ కలిసి షెడ్లు కడుగుతున్నారు.

"గేటు దగ్గరికి ఒక్కసారైనా రాలేదని అది కుమిలిపోతోంది మామయ్యగారూ" అన్నాను.

"ఈ బూట్లతో అక్కడికొస్తే అది చేసిందంతా మట్టిపాలవదూ? నేనిక్కడున్నానని తెలిస్తే నా గురించి బెంగ పెట్టుకుంటుందని మీ అత్తయ్యని నోరు మెదపొద్దన్నాను" అన్నారు.

లారీల సంగతి అడిగాను. "అవి మా తమ్ముడి పని. ఫారం దానిది, మాట దానిది అని వాడికి ఆ రోజే చెప్పి పంపించాను. నా పేరు వాడుకున్నాడన్నమాట. నేను చూసుకుంటాను" అన్నారు.

ఫోను పెట్టేస్తారనుకున్నాను. గొంతు తగ్గించి, "అల్లుడూ, మళ్ళీ మొదలుపెట్టడానికి కోడిపిల్లలు మా అమ్మాయి ఇస్తుందని ఈయనకి మాటిచ్చేశాను. దాన్ని అడగలేదు. కోప్పడుతుందేమో, కాస్త కనుక్కో" అన్నారు.

ఏమని చెప్పమంటావు?

నీ
కళ్ళజోళ్ళాయన

---

శ్రీవారికి,

మీ ఉత్తరం దాణా బస్తాల మీద కూర్చుని రెండుసార్లు చదివాను. తర్వాత అలాగే నిద్రపోయాను. మేస్త్రీ ఎవర్నీ అటు రానివ్వలేదట. లేచేసరికి పైపు కూడా మార్చేశాడు.

నాన్నకి చెప్పండి. ఫారం తరఫున మాటిచ్చే ముందు ఫారం వాళ్ళని అడగాలి. ఈసారికి ఊరుకుంటున్నాను. మీసాలాయన షెడ్లు ఆరి, డాక్టరు సరేనన్నాక, మొదటి విడత పిల్లలు ఆయనకే. మన జాతి ఇంకో చోట కూడా పెరగడం మంచిదే, ఒకచోట పోయినా మరోచోట మిగులుతుంది.

రేపు గేటు తీస్తున్నాం. నేను ఇంటికొచ్చేస్తున్నాను. నాన్న ఆ బట్టలూ బూట్లూ వదిలేసి, డాక్టరు చెప్పినన్నాళ్ళు ఆగి రావాలి. తొందరేం లేదనండి. ఇప్పుడు ఎన్నాళ్ళైనా ఆగగలను.

బయల్దేరుతున్నాను,
మీ ఇంటిది