కోల్డ్ స్టోరేజీలో ఉన్న ఆదాయం

ఏమయ్యా,

నిన్న నీ సంవత్సరీకం. భోజనాల విస్తళ్లు ఎత్తకముందే ఆదాయాల సర్వే అమ్మాయి మళ్లీ వచ్చింది. నువ్వుంటే కుర్చీ తుడిచి వేసి, నాచేత టీ పెట్టించి, గొప్పలు మొదలుపెట్టేవాడివి.

పోయిన సర్వేలో నువ్వు చేసిన నిర్వాకం నేనేం మర్చిపోలేదు. అమ్ముడుపోని మిరప బస్తాలు వినుకొండ కోల్డ్ స్టోరేజీలో మూలుగుతుంటే, వాటికి ఆ ఏటి పై ధర కట్టి ఆదాయమని రాయించావు. అడ్డం వస్తే, "రేటు వస్తుందే, నీకేం తెలుసు, నోర్ముయ్" అని పరాయి పిల్ల ముందు కసిరావు. రేటు రాలేదు. నువ్వు పోయాక స్టోరేజీ అద్దె కట్టి, రంగు పోయిన కాయను తెగనమ్ముకున్నది నేను.

మండలంలో ఇళ్లన్నిటినీ ఆదాయం వరసలో నిలబెట్టి, సరిగ్గా నడిమి ఇంటికి వచ్చేదాన్నే మండలం ఆదాయమంటారట. ఇంటింటికీ నీలాంటి మొగుడే కదా, ఆ నడిమి ఇల్లు ఎంత మేడెక్కి కూర్చుందో!

నేను చేతికొచ్చిందే చెప్పాను. ఆ అమ్మాయి ట్యాబ్‌లో నువ్వు చెప్పిన పాత అంకె చూసుకుని బిత్తరపోయింది.

"ఆదాయం ఇంత పడిపోయిందేంటండీ? ఏమైంది?"

"ఆదాయం ఎప్పుడూ ఇంతేనమ్మా. పెంచి చెప్పే మనిషే పోయాడు" అన్నాను.