దుర్భిణికి గంధం బొట్టు

నాయనా,

నువ్వు లేకుండా వచ్చిన మొదటి ఆయుధపూజ ఇది.

మన మిల్లు ఆఫీసులో, నక్షత్రాల పరిశోధనకు సాయం చేసిన పాతకాలపు జమీందారు చిత్తరువు ఉంది కదా, దాన్ని పోయిన వారం శుభ్రం చేయించారు. ఆయన చేతిలోని ఇత్తడి దుర్భిణిని నువ్వు మిషను గొట్టం అనుకుని ఏటా గంధం బొట్టు పెట్టేవాడివి. అది చుక్కలు చూసేదని నేను చెప్పినా మానలేదు. "ఏదైతే ఏమిరా, ఆయన చేతి సామాను గదా" అన్నావు.

ఆ బొట్టు తుడిస్తే, కింద రంగు నీ వేలంత మేర లేచిపోయి ఉంది.

ఈరోజు గంధం గిన్నెతో వెళ్తే గుమాస్తా, "పటాన్ని ముట్టవద్దప్పా, ఇప్పుడే బాగుచేసిరి" అన్నాడు. కోపం వచ్చింది గానీ, ఆయన మాటా నిజమే.

వేలికి అంటిన గంధంతోనే, నువ్వు నడిపిన మిషను దగ్గరికి తిరిగొచ్చి నీ స్పానరుకు పెట్టాను. ఇప్పుడది నా చేతి సామాను.